క్లోమపు క్యాన్సరు - శస్త్రచికిత్స సాధ్యాసాధ్యములు

అనంతపురము సీమలో సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియును. అదియును ఒక క్రమమున కురియదు. అందువలన ఇక్కడి వేరుసెనగ రైతు మొదటి మబ్బును చూచి విత్తనము వేయడు. గుప్పెడు మన్ను తీసి పిసికి, నేల ఎంత లోతున తడిసినదో చూచును. పదను చాలినచో గొర్రు కట్టును; చాలనిచో ఇంటిలోని విత్తనపు కాయను మరి నాలుగు దినములు కదలింపడు. ఆతురపడి వేసిన విత్తు మొలకెత్తి మాడిపోవుననియు, మరల విత్తుటకు చేతిలో గింజ మిగులదనియు అతడు ఎరుగును.

వైద్యమునందును ఇట్టి పదను కలదు. మన పూర్వవైద్యులు చికిత్సకు పూనుకొనుటకు ముందు రోగము యొక్క సాధ్యాసాధ్యములను విచారించెడివారు. సులభముగా కుదురు రోగములను సుఖసాధ్యములనియు, కష్టముమీద కుదురువానిని కృచ్ఛ్రసాధ్యములనియు, పూర్తిగా కుదరకపోయినను చికిత్సతో అదుపులో నుంచదగినవానిని యాప్యములనియు, చికిత్సకు లొంగనివానిని అసాధ్యములనియు చరకసంహిత విభజించినది. నేటి శస్త్రవైద్యుడు వాడు మాటలు వేరు. అతని ముందున్న ప్రశ్న మాత్రము అదియే. ఆ ప్రశ్న మిక్కిలి కఠినముగా ఎదురగు రోగములలో క్లోమపు క్యాన్సరు ఒకటి. అందునను, దూరపు అవయవములకు పాకకుండ, చుట్టుపట్ల నున్న రక్తనాళములను మాత్రము చుట్టుకొనిన దశలో ఈ విచారణ అత్యంత సూక్ష్మమైనది. ఆ దశలో ఎవరికి శస్త్రచికిత్స మేలు చేయును, ఎవరికి చేయదు, వైద్యులు ఏ గురుతులను చూచి నిర్ణయింతురు అను సంగతులను ఇప్పుడు మేము వివరింపదలచితిమి.

విషయము సుబోధకమగుటకు ఒక కుటుంబమును ఊహించుకొందము. కళ్యాణదుర్గము వైపు మెట్టసేద్యము చేయు ఒక రైతు. వయస్సు 58. చిన్ననాటినుండి బీడీ అలవాటు కలదు. కొన్ని నెలలుగా ఆకలి తగ్గినది, ఒడలు తగ్గినది. ఒకనాడు కన్నులు పచ్చబడినవి. నొప్పి లేదు, జ్వరము లేదు. ఇంటివారు కామెర్లని తలచిరి. పొరుగూరిలో పసరు పోయించిరి. నూనె, పప్పు, ఉప్పు మాన్పించి మజ్జిగ అన్నముతో పథ్యము పెట్టిరి. నెల గడచినది, పచ్చదనము ముదిరినదేగాని తగ్గలేదు. అప్పుడు పట్టణమునకు తీసికొనిపోయిరి. స్కాను తీసిన వైద్యుడు, "క్లోమములో గడ్డ ఉన్నది; రక్తనాళమును చుట్టుకొన్నది; ఇప్పుడు కోయుటకు వీలులేదు" అనెను. కుమారుడు అడిగిన ప్రశ్న ఒక్కటే: "రెండెకరాలు అమ్మి పెద్ద ఊరికి తీస్కపోతాం సార్. ఆపరేషన్ చేస్తే మా నాయన బాగైతాడా?"

ఈ ప్రశ్నకు ఔననిగాని కాదనిగాని ఒక్క మాటలో జవాబు చెప్పుట తగదు. ఎందుచేత తగదో తెలియవలెనన్న, మొదట క్లోమము ఎక్కడ నున్నదో తెలియవలెను.

క్లోమము జఠరమునకు వెనుక, వెన్నెముకకు ముందు అడ్డముగా పరుండియుండు గ్రంథి. పొడవు సుమారు 15 సెంటీమీటర్లు. దాని తల కుడివైపున చిన్నప్రేగు మొదటి వంపులో ఒదిగియుండును. తోక ఎడమవైపున ప్లీహము వరకు సాగును. ఆహారమును జీర్ణము చేయు రసములను ప్రేగులోనికి, చక్కెరను అదుపుచేయు ఇన్సులిన్‌ను రక్తములోనికి పంపుట దాని పని. కాలేయమునుండి దిగివచ్చు పిత్తనాళము ఈ గ్రంథి తలలోనుండియే సాగి ప్రేగులో కలియును. గ్రంథి మెడకు వెనుకగా రెండు పెద్ద నాళములు పోవుచుండును. ఒకటి చిన్నప్రేగునకు రక్తమును కొనిపోవు ధమని. రెండవది ప్రేగులనుండి కాలేయమునకు రక్తమును చేర్చు సిర. కొంచెము మీదుగా కాలేయమునకును జఠరమునకును రక్తమిచ్చు మరియొక ధమని మొదలు కలదు. క్లోమములో పుట్టిన గడ్డకు ఇరుగుపొరుగులు ఇవియే.

గడ్డ తలభాగమున పుట్టినచో పిత్తనాళమును నొక్కును. పిత్తరసము ప్రేగులోనికి పోక రక్తములోనికి మరలును. కన్నులు పచ్చబడును, మూత్రము ముదురురంగు తిరుగును, మలము తెల్లని బంకమన్ను రంగున నుండును, ఒడలంతయు దురద పుట్టును. గడ్డ నడుమభాగమునగాని తోకయందుగాని పుట్టినచో కామెర్లు రావు. పొట్ట పైభాగమున పుట్టి వీపునకు ప్రాకు నొప్పియు, బరువు తగ్గుటయు మాత్రమే కనబడును. ఏబది ఏండ్లు దాటినవారికి క్రొత్తగా చక్కెరవ్యాధి తగిలి, దానితో పాటు ఒడలు తగ్గిపోవుచున్నచో క్లోమమును గూర్చి ఆలోచింపవలెను. క్రొత్తగా చక్కెరవ్యాధి వచ్చిన వారిలో అత్యధికులకు ఈ క్యాన్సరు ఉండదు. ఆ వయస్సున నూటికి ఒకరికి మించి కనబడదు. అయినను బరువు తగ్గుట అను రెండవ గురుతు తోడైనప్పుడు ఉపేక్ష కూడదు.

ఇక్కడ పసరు సంగతి ఒకటి చెప్పుట అవసరము. మన పల్లెలలో కనబడు కామెర్లలో పెక్కు కలుషితమైన నీటివలన వచ్చు కాలేయపు వాపు. అది చాలమందికి కొన్ని వారములలో తనంతట తానే తగ్గును. తగ్గినప్పుడు కీర్తి పసరునకు దక్కును. ఆ నమ్మకమే, నాళము మూసికొనిపోయిన కామెర్లు వచ్చినప్పుడు ప్రాణము మీదికి తెచ్చును. ఏ పసరును మూసిన నాళమును తెరువజాలదు. పెద్ద వయస్సున, జ్వరము లేకుండ, దురదతో, తెల్లని మలముతో, దినదినము ముదురుచున్న కామెర్లు కనబడినచో ఆ వారములోనే పొట్టకు అల్ట్రాసౌండు పరీక్ష చేయించవలెను. అది ఖరీదైన పరీక్ష కాదు. పిత్తనాళము ఉబ్బియున్నదా లేదా అను సంగతిని అది సాధారణముగా అక్కడికక్కడే చూపును. తరువాతి మెట్టు సి.టి. స్కాను.

స్కానును బట్టి వైద్యులు ఈ రోగమును నాలుగు తెగలుగా విభజింతురు. గడ్డ నాళములను తాకక విడిగా ఉన్నచో వెంటనే కోయదగినది. నాళమును కొంత ఆనుకొనియున్నచో సరిహద్దున నున్నది. ధమని చుట్టుకొలతలో సగమునకు, అనగా 180 డిగ్రీలకు మించి చుట్టుకొన్నను, సిరను తిరిగి అతుకుటకు వీలులేనంతగా ఆక్రమించినను, స్థానికముగా ముదిరినది. కాలేయమునకో, ఊపిరితిత్తులకో, పొట్టలోని పొరకో పాకినచో దూరవ్యాప్తి చెందినది. రోగము బయటపడునాటికి వెంటనే కోయదగిన దశలో నుండువారు నూటికి పదినుండి ఇరువదిమంది మాత్రమే. సగమందికి అప్పటికే దూరమునకు పాకియుండును. నూటికి ముప్పదిమంది వరకు మూడవ తెగకు చెందుదురు. మనము ఊహించిన రైతు ఈ తెగవాడే.

నాళమును చుట్టుకొనుట అననేమి? పాతబడిన దిగుడుబావి రాతికట్టులో రావిమొక్క మొలచుట మనమందరము చూచినదే. చిన్నదిగా నున్నప్పుడు చేతితో పెరికివేయవచ్చును. వేళ్ళు రాళ్ళ సందులలోనికి దిగి గోడను కౌగిలించుకొనిన పిమ్మట పెరికినచో చెట్టుతో పాటు గోడయు కూలును. పైకి కనబడు కొమ్మను నరికిన ప్రయోజనము లేదు. వేరు మరల చిగిర్చును. క్లోమపు గడ్డ ధమనిని చుట్టుకొనుట ఇట్టిదే. ఆ ధమని తెగినచో చిన్నప్రేగు చచ్చును. దానిని కాపాడుటకై గడ్డలో కొంత విడిచిపెట్టినచో రోగము తిరిగి వచ్చును. సిర సంగతి కొంత మేలు: దానిలోని ఒక ముక్కను కోసి, కొనలను తిరిగి కుట్టగల నేర్పు నేటి వైద్యులకు కలదు. ధమనిని కోసి అతుకుట కూడ కొన్నిచోట్ల చేయుచున్నారు. కాని అపాయము చాల హెచ్చు.

క్లోమపు తలను తీసివేయు శస్త్రచికిత్సకు శతాబ్దమునకు మించిన చరిత్ర కలదు. 1909లో జర్మనీలో వాల్తర్ కౌష్ దీనిని రెండు విడతలుగా చేసి 1912లో ప్రకటించెను. 1935లో న్యూయార్కులో ఆలన్ విపుల్ తన పద్ధతిని ప్రకటించెను. ఆయన పేరుతోనే ఈ శస్త్రచికిత్స నేటికిని పిలువబడుచున్నది. క్లోమపు తల, చిన్నప్రేగు మొదటిభాగము, పిత్తాశయము, పిత్తనాళములో కొంత భాగము తీసివేసి, మిగిలిన క్లోమమును, పిత్తనాళమును, జఠరమును ప్రేగునకు వేరువేరుగా కుట్టుదురు. పలు గంటల పని. 1970 ప్రాంతము వరకు ఈ శస్త్రచికిత్స పొందిన నలుగురైదుగురిలో ఒకరు ఆసుపత్రిలోనే మరణించుచుండిరి. నేడు నిత్యము ఈ పని చేయు ఆసుపత్రులలో ఆ మరణములు నూటికి అయిదింటికి లోపు.

స్థానికముగా ముదిరిన రోగమునకు మాత్రము కత్తి ఒక్కటే చాలదని పెక్కు ఏండ్ల అనుభవము తేల్చినది. మార్పు ఔషధముల వైపునుండి వచ్చినది. 1997లో జెమ్‌సైటబిన్ అను మందు అంతకు ముందున్న దానికంటె కొంచెము మేలని తేలినది. 2011లో ఫ్రాన్సు వైద్యులు నాలుగు మందుల కూర్పు నొకదానిని ప్రకటించిరి. దూరమునకు పాకిన రోగులలో జెమ్‌సైటబిన్ పొందినవారి నడిమి ఆయుర్దాయము 6.8 నెలలు కాగా, ఈ కూర్పు పొందినవారిది 11.1 నెలలు. ఫాల్‌ఫిరినాక్స్ అని దానిపేరు. ఫ్లోరోయూరాసిల్, ల్యూకోవోరిన్, ఇరినోటికాన్, ఆక్సాలిప్లాటిన్ అనునవి అందలి నాలుగు మందులు.

వీనిలో ల్యూకోవోరిన్ ఫోలిక్ ఆమ్లపు కుటుంబమునకు చెందినది. ఫ్లోరోయూరాసిల్ ప్రభావమును పెంచుట దాని పని. ఆ ఫోలిక్ ఆమ్లమును 1940లలో అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయమున కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకుడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఫోలిక్ ఆమ్లమునకు ఎదురుగా పనిచేయు మందును కూడ ఆయన బృందమే సిద్ధపరచగా, దానితో సిడ్నీ ఫార్బర్ రక్తపు క్యాన్సరు సోకిన పిల్లలకు తాత్కాలికముగానైనను ఉపశమనము కలిగించి 1948లో ప్రకటించెను. సుబ్బారావుగారు ఆ యేడే కన్నుమూసిరి. క్యాన్సరునకు ఔషధచికిత్స అను మార్గమునకు తొలి మెట్లు కట్టినవారిలో తెలుగువాడొకడు కలడని మనము మరువరాదు.

ఈ నాలుగు మందుల కూర్పును స్థానికముగా ముదిరిన రోగులకు ఇచ్చిన ఫలితములను పలుచోట్లనుండి కూడదీసి 2016లో ప్రకటించిరి. వారి నడిమి ఆయుర్దాయము 24.2 నెలలుగా తేలినది. అంతకంటె ముఖ్యమైన సంగతి, మొదట కోయరాదన్న వారిలో సుమారు నాల్గవవంతు మందికి తరువాత శస్త్రచికిత్స చేయగలిగిరి. కావున "ఇప్పుడు కోయుటకు వీలులేదు" అను వైద్యుని మాటలో "ఇప్పుడు" అను పదమును మనము శ్రద్ధగా వినవలెను. అది ఎప్పటికిని లేదను తీర్పు కాదు. తప్పక చేయుదమను వాగ్దానమును కాదు. మొదట మందులు, పిదప విచారణ అని దాని అర్థము.

ఆ విచారణలో చూడబడు గురుతులను రెండు తరగతులుగా చెప్పుకొందము. కొన్ని శస్త్రచికిత్సకు ముందే తెలియును. కొన్ని తరువాతగాని తెలియవు.

ముందు తెలియు గురుతులలో మొదటిది మందులకు రోగము లొంగిన తీరు. మూడునాలుగు నెలల చికిత్స సాగుచుండగా రోగము దూరమునకు పాకినచో, ఆ రోగికి శస్త్రచికిత్స చేసియుండినను మేలు కలిగియుండెడిది కాదని తెలియుచున్నది. కంటికి కనబడని విత్తనములు అప్పటికే చెదరియున్నవన్నమాట. ఈ విధముగా ఔషధచికిత్స ఒక చికిత్సయు, ఒక పరీక్షయు అగుచున్నది. ఇక్కడ ఒక చిక్కు కలదు. మందుల పిమ్మట స్కానులో గడ్డ నాళమును వదలినట్లు కనబడకపోవచ్చును. క్యాన్సరు కణములు చచ్చినచోట మచ్చకండ మిగులును. స్కానులో ఆ మచ్చయు, బ్రతికియున్న గడ్డయు ఒకేరీతిగా కనబడును. అందుచేత రోగము పెరుగనప్పుడు, ఇతర గురుతులు అనుకూలముగా నున్నప్పుడు, నేర్పరులైన వైద్యులు పొట్ట తెరచి స్వయముగా చూచి నిర్ణయించుట కలదు.

రెండవది రక్తములో కొలువదగిన సి.ఏ. 19-9 అను పదార్థము. ఆరోగ్యవంతులలో ఇది సామాన్యముగా ఒక మిల్లీలీటరునకు 37 యూనిట్లకు లోపుగా నుండును. ఈ రోగులలో వందలకు, వేలకు పెరుగవచ్చును. మందుల పిమ్మట ఇది మామూలు స్థాయికి దిగుట మంచి శకునము. దిగకుండుటయు, దిగి మరల పెరుగుటయు చెడు శకునములు. కాని దీనిని చదువుటలో రెండు జాగ్రత్తలు కలవు. కామెర్లున్నప్పుడు క్యాన్సరు లేకున్నను ఇది పెరుగును. కావున పిత్తనాళములో సన్నని గొట్టము నుంచి కామెర్లు తగ్గించిన పిమ్మట కొలిచిన సంఖ్యయే నమ్మదగినది. మరియు నూటికి అయిదునుండి పదిమంది రక్తములో పుట్టుకనుండియే ఇది తయారుకాదు. వారి విషయమున ఈ కొలత పనికిరాదు.

మూడవది రోగి యొక్క ఒడలి సత్తువ. తన పనులు తాను చేసికొనుచు తిరుగాడువాడు, పగలు సగముకంటె ఎక్కువ కాలము మంచముననే గడపువాడు ఇరువురు ఒకే స్కానుతో వచ్చినను వారి భవిష్యత్తు ఒకటి కాదు. రక్తములో ఆల్బుమిన్ అను మాంసకృత్తు తగ్గుట, కొద్ది నెలలలో బరువు పదోవంతు తగ్గుట, కండలు కరగుట ఇవియన్నియు శస్త్రచికిత్సను తట్టుకొను శక్తిని తగ్గించును, మందులను మధ్యలో ఆపవలసిన స్థితిని తెచ్చును.

ఈ మూడవ గురుతు ఒక్కటే రోగి ఇంటివారి చేతిలో నున్నది. అందుకే పథ్యమును గూర్చి మేము గట్టిగా చెప్పవలసియున్నది. కామెర్ల పేరున పప్పు, గ్రుడ్డు, పాలు, మాంసము, నూనె మాన్పించి, చప్పిడి అన్నముతో నెలదినములుంచుట, ముందే కరగిన కండను మరింత కరగించుటయే. క్లోమరసము చాలనందున ఆహారము జీర్ణముకాక జిడ్డు విరేచనములగు రోగులకు, భోజనముతో పాటు మ్రింగు క్లోమరసపు మాత్రలు కలవు. వానిని వైద్యుడు వ్రాసినట్లు వాడినచో తిన్నది ఒంటబట్టును. రాగిసంగటియు పప్పుయు, గ్రుడ్డును, పెరుగును కొద్దికొద్దిగా దినమునకు అయిదారు మారులు పెట్టవలెను. పొగాకు పూర్తిగా మానవలెను. శరీరమునకు ఈ పదను లేనిదే ఏ వైద్యుడును కత్తి పట్టడు, పట్టరాదు కూడ.

నాల్గవ గురుతు రోగిలో లేదు; చేయు చేతులలో, చేయు చోటులో నున్నది. అమెరికాలో వృద్ధుల ఆరోగ్యభీమా లెక్కలను పరిశీలించి 2002లో ప్రకటించిన దానిని బట్టి, క్లోమపు శస్త్రచికిత్సలు మిక్కిలి అరుదుగా చేయు ఆసుపత్రులలో మరణములు నూటికి 16.3, మిక్కిలి ఎక్కువగా చేయు ఆసుపత్రులలో 3.8. కత్తి అదియే, పుస్తకము అదియే. అలవాటు, తరువాత రేయింబవళ్ళు కనిపెట్టి చూచు సిబ్బంది, రక్తస్రావమో రసస్రావమో కలిగినప్పుడు వెంటనే ఆదుకొను సాధనములు - వీనిలోనే భేదము. కావున "మీ ఆసుపత్రిలో సాలుకు ఇట్టివి ఎన్ని జరుగును?" అని అడుగుట అవిధేయత కాదు. మంచి వైద్యుడు దానికి కోపింపడు.

ఇక శస్త్రచికిత్స పిమ్మట తెలియు గురుతులు. తీసిన భాగమును సూక్ష్మదర్శినితో పరీక్షించు వైద్యుడు మూడు సంగతులు చెప్పును. కోసిన అంచులలో క్యాన్సరు కణములు మిగిలినవా లేవా, లేనిచో మేలు. చుట్టునున్న శోషరస గ్రంథులలో ఎన్నింటికి సోకినది. ఎంత తక్కువైన అంత మేలు. మందులవలన గడ్డలో ఎంతభాగము చచ్చినది. ఎంత ఎక్కువైన అంత మేలు. అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2021లో ప్రకటించిన పరిశీలనలో దీర్ఘాయువునకు మూడు కారణములు ముఖ్యముగా కనబడినవి: శస్త్రచికిత్సకు ముందు మందులు ఆరు విడతలకు తక్కువకాకుండ పొందుట, సి.ఏ. 19-9 మామూలునకు దిగుట, తీసిన గడ్డలో అధికభాగము చచ్చియుండుట. మూడును కూడినవారు అందరికంటె మేలుగా నుండిరి. ఈ మూడింటిలో రెండు కత్తి పట్టక ముందే తెలియునవి. విచారణకు ఇంత విలువ ఏలనో దీనినిబట్టి తెలియును.

మరియొక లెక్క కలదు. జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు స్థానికముగా ముదిరిన 415 మంది రోగుల వృత్తాంతమును 2019లో ప్రకటించిరి. మందుల పిమ్మట శస్త్రచికిత్స పొందగలిగినవారు 84 మంది. రోగము తెలిసిన దినమునుండి వారి నడిమి ఆయుర్దాయము 35.3 నెలలు, తక్కినవారిది 16.2 నెలలు. ఈ అంకెలను చూచి, కత్తి ఒక్కటే పందొమ్మిది నెలలు ఇచ్చినదని తలచుట పొరపాటు. ఆ 84 మంది మందులకు లొంగినవారు, ఒడలు నిలుపుకొన్నవారు, రోగము పాకనివారు. మంచి పదనున్న చేనును, లేని చేనును పక్కపక్కన పెట్టి విత్తనమును మెచ్చుకొన్నట్లు కారాదు. నడిమి ఆయుర్దాయము అనుమాటను గూర్చియు ఒక మాట. వందమందిని వరుసగా నిలిపినచో ఏబదియవవాడు బ్రతికిన కాలమది. సగమంది అంతకంటె తక్కువ, సగమంది అంతకంటె ఎక్కువ బ్రతికిరి. అది ఏ ఒక్కరికిని జాతకము కాదు.

మరి మన జిల్లావాసికి ఈ చికిత్స అందునా? 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకము తొలుత మొదలైన మూడు జిల్లాలలో అనంతపురము ఒకటి. తక్కినవి మహబూబ్‌నగర్, శ్రీకాకుళము. తరువాత రాష్ట్రమంతట వ్యాపించిన ఆ పథకము ఎన్.టి.ఆర్. వైద్యసేవ అను పేరుతో నడచుచున్నది. క్యాన్సరు శస్త్రచికిత్సలకు, మందులకు అందులో చోటు కలదు. ఏ ఆసుపత్రి జాబితాలో నున్నదో, ఏది చెల్లునో ఆరోగ్యమిత్రను ముందుగా అడుగవలెను. అనంతపురములో ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రి కలదు. పెద్ద చికిత్సలకు మనవారు బెంగళూరులోని కిద్వాయి సంస్థకు, తిరుపతికి, వెల్లూరునకు, హైదరాబాదునకు పోవుచుందురు. బెంగళూరు అనంతపురమునకు రమారమి 210 కిలోమీటర్లు. మందులు రెండు వారములకొకమారు, ఒక్కొక్కమారు రెండు దినములకు పైగా సాగును. ఆరు విడతలనగా మూడు నెలలు. కూలికై బెంగళూరునకు వలసపోయిన బంధువు గది ఈ రోగికి ఆసుపత్రి పడక అంత ముఖ్యమగుట మన సీమలో మామూలే.

ఈ దూరములో ఒక అపాయము కలదు. మందులవలన రక్తములోని తెల్లకణములు తగ్గియున్నప్పుడు జ్వరము వచ్చినచో అది గంటలమీద ముదురును. "ఎల్లుండి ఎట్లును పోవలెను గదా" అని ఇంటిలో నుంచరాదు. ఆ రాత్రియే దగ్గరి పెద్దాసుపత్రికి తీసికొనిపోయి, ఏ మందులు పొందుచున్నాడో తెలుపు చీటీని చూపవలెను. ఆ చీటీ నకలు ఒకటి ఎల్లప్పుడు రోగి వద్దనే ఉండవలెను. పిత్తనాళములో గొట్టమున్నవానికి చలిజ్వరముతో కామెర్లు మరల వచ్చినచో గొట్టము పూడినదని గ్రహించి అంతే త్వరపడవలెను.

మందులకు లొంగనివారి మాట ఏమి? ఇక్కడనే చరకుని యాప్య పదము పనికివచ్చును. కోయనంత మాత్రమున చేయవలసినది లేదని కాదు. కామెర్లకు గొట్టము కలదు. వీపులోనికి దిగు తీవ్రమైన నొప్పికి మార్ఫిన్ మాత్రలు కలవు. అవి చాలనిచో క్లోమము చుట్టునున్న నరములకు మందు నెక్కించి నొప్పిని అణచు పద్ధతి కలదు. మరియొక తరహా మందులు, కొందరికి కిరణచికిత్స కలవు. నొప్పి లేకుండ, ఇంటివారి నడుమ, తిన్నది ఇముడ్చుకొనుచు గడపు నెలలు తక్కువ విలువగలవి కావు. వ్యర్థమైన శస్త్రచికిత్స ఆ నెలలలో రెండింటిని ఆసుపత్రి గోడలమధ్య హరించును.

ఇప్పుడు మన రైతు కుమారుని ప్రశ్నకు మరలి వత్తము. అతడు వైద్యుని అడుగదగిన ప్రశ్నలు అయిదు. గడ్డ చుట్టుకొన్నది ధమనినా, సిరనా, ఎంతమేర? మందులు ఎన్ని నెలలిచ్చి మరల స్కాను తీయుదురు? కామెర్లు తగ్గిన పిమ్మట సి.ఏ. 19-9 ఎంత, ఇప్పుడెంత? మా నాయన ఒడలు శస్త్రచికిత్సకు సిద్ధముగా నున్నదా, లేనిచో సిద్ధపరచుట ఎట్లు? శస్త్రచికిత్స కుదరనిచో తరువాతి మార్గమేమి?

రెండెకరముల సంగతి మిగిలినది. రోగము తెలిసిన మొదటి వారములో పొలమును బేరమునకు పెట్టవలసిన పని లేదు. ఆ వారములో కావలసినవి కామెర్లు తగ్గించు గొట్టము, ముక్కపరీక్ష, పథకపు కాగితములు, రోగి ముందు పెట్టు నిండు విస్తరి. మూడు నెలల మందుల పిమ్మట వచ్చు స్కానును, రక్తపరీక్షను చూచిన తరువాత, శస్త్రచికిత్స ఎంతవరకు సాధ్యమో వైద్యుడు నేటికంటె స్పష్టముగా చెప్పగలడు. అప్పుడు ఆ పెద్దాయననే ప్రక్కన కూర్చుండబెట్టుకొని, సంగతి దాచక చెప్పి, ఆయన కోరికను అడిగి నిర్ణయింపవలెను. పొలము ఆయనది, ప్రాణమును ఆయనదే.